నీళ్లు తేటపడ్డాక రండి

ఏందిరా కొడుకా, మొకం అట్ల పెట్టుకున్నవ్? జెర ఆ పత్తికట్టె ఇటు ఎగేయి, మంట అందుకుంటది. నిప్పులల్ల కందగడ్డలు ఏసిన, అవి ఉడికెదాంక కూసోండ్రి. బిడ్డా, నువ్వు పొగకు ఎదురుంగ కూసోకు, ఇటు నా పక్కకు రా.

మీ నాయినమ్మ చెప్పింది నాకు. మొన్న వానకాలంల పాపికొండలు చూడబోదామని సోపతిగాళ్లంత కలిసి బోటుకు పైసలు కట్టిండ్రట. గోదారి పొంగుతున్నది, బోట్లు బందు పెట్టినమని వాళ్లు ఫోన్ చేసిండ్రట. పైసలైతె మల్ల వచ్చినయి గని నీ కోపం ఇంక పోలేదట. ఇప్పుడు సంక్రాంతి సెలవులల్ల మల్ల పోతమంటున్నరు. పోండ్రి, నేను వద్దనను. పోయె ముందు ఒక ముచ్చట ఇనిపోండ్రి. నన్ను గూడ ఒకసారి గోదారి ఒడ్డు మీదికెళ్లి తిప్పి పంపిండ్రు. నలబై ఏండ్లు దాటింది. తిప్పి పంపినాయన మొకం ఇయ్యాల్టికి నా కండ్లల్ల ఉన్నది.

అసలు మనూరికి గోదారికి ఏం సుట్టరికం? మన అర్పనపల్లి కాడ పారే వట్టివాగు, అటు ఆకేరు, పాకాల చెరువుల పుట్టిన మున్నేరు, ఇవన్ని తిరిగి తిరిగి కృష్ణల కలుస్తయి. మన నీళ్లు కృష్ణమ్మయి. గోదారి మనకు పొరుగింటామె లెక్క. మా చిన్నప్పుడు వట్టివాగు నాలుగు నెలలు పారేది, తర్వాత ఇసుకే. ఆ ఇసుకల చెలిమె తోడుకొని, ఊట నీళ్లు చిప్పతోని ముంచుకొని తాగినోళ్లం మేము. ఏడాది పొడుగూత నిండుగ పారే నీళ్లెట్లుంటయో ఎరుగం. గుట్టల మీదికెళ్లి దుంకే నీళ్లంటె మాకు గూడూరు అడవిల భీమునిపాదమే. బండ్లు కట్టుకొని పోయి, ఆ ధార కింద నిలబడి తానం చేసి, చెట్ల కింద సద్ది తిని, పొద్దుగూకక ముందె మర్రి వస్తుంటిమి. మాకు అదే పెద్ద యాత్ర.

1973ల అందాల రాముడు సినిమ వచ్చింది. బాపు తీసిండు, నాగేశ్వరరావు ఆడిండు. రాజమండ్రికెళ్లి భద్రాచలం దాంక గోదారి మీద లాంచీ పయనమే ఆ సినిమ. మానుకోటల ఆడినప్పుడు చూసిన. పదహారేండ్ల పోరన్ని. కథ సగం మర్చిపోయిన గని ఆ నీళ్లు మాత్రం మర్చిపోలే. రెండు దిక్కుల కొండలు, నడుమ లాంచీ, దాని ఎనుక పంట కోసినట్టు చీలిపోయే నీళ్లు. ఇంటికొచ్చి మా అవ్వతోని అన్న, అవ్వా, ఎప్పటికైన ఒకసారి ఆ లాంచీ ఎక్కుత అని. ఎక్కుదువు తియ్యిరా, ముందుగాల్ల బర్రెకు గడ్డెయ్యి అన్నది.

తర్వాత మన కేసముద్రం మార్కెట్ల దడువాయిగ కుదిరిన. కాంటా పట్టుడు నా పని. పసుపు, పెసళ్లు, మిర్చి, పొద్దంత బస్తాల నడుమనే బతుకు. కొన్నేండ్లకు నా చెయ్యి ఎట్లయిందంటె, బస్తా చెవులు పట్టి జెరంత లేపితె చాలు, కిలో అటో ఇటో బరువు చెప్పేటోన్ని. బరువు సంగతి నాకు బాగ తెలుసు అనుకునేటోన్ని. ఈ మాట యాదికుంచుకోండ్రి, మల్లొస్త దాని కాడికి.

1984ల పెసళ్ల రాక ఒడిసింది. బతుకమ్మకు ఇంక పది పన్నెండు దినాలున్నది. మార్కెట్ల చేతినిండ పని లేదు. మా బావ, మా అక్క, నేను, మీ నాయినమ్మ నలుగురం బయలెల్లినం. పోయేటప్పుడు మా అవ్వ పసుపు కొమ్ములు ఐదు తెల్లగుడ్డల కట్టి మీ నాయినమ్మ కొంగున ముడేసింది. మన ఊరి పసుపు గోదారమ్మకు ఇచ్చి రాండ్రి, ఉత్త చేతులతోని పోవద్దు అన్నది.

పొద్దుగాల ప్యాసింజర్ ఎక్కినం. మానుకోట, గార్ల దాటి డోర్నకల్‌ల బండి మారినం. బొగ్గింజన్ బండి. కిటికి కాడ కూసున్నోళ్ల కండ్లల్ల నుసి పడేది. కారేపల్లి మీదికెళ్లి కొత్తగూడెం పోతది. ఆ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు. పేరు చూసి గుడి వచ్చిందనుకొని దిగినం. గుడి ఇంక నలబై కిలోమీటర్లున్నది. బస్సెక్కి పాల్వంచ మీదికెళ్లి పోతె, మూలమలుపు తిరగంగనె గోదారి మీద వంతెన కనబడ్డది. ఆ వంతెన 1965ల అయ్యింది. అంతకు ముందు మా నాయినోళ్లు రామయ్య పెండ్లికి పోయిన్నాడు పడవల దాటిండ్రట. బస్సు వంతెన మీద పోతుంటె కిందికి చూసిన. ఒక్క ఒడ్డుకెళ్లి ఇంకొక ఒడ్డు దాంక ఎర్రటి నీళ్లు, పెద్ద పెద్ద మొద్దులు గిర్రున తిరుక్కుంట పోతున్నయి. మా బావ సంబురంగ అన్నడు, నిండుగున్నది, మంచి సమయంల వచ్చినం అని. నేను గూడ అదే అనుకున్న.

రామయ్యను చూసి, రాత్రి సత్రంల పన్నం. తెల్లారి కూనవరం బస్సెక్కినం. కూనవరం కాడ శబరి వచ్చి గోదారిల కలుస్తది. అప్పుడు లాంచీలు ఆడికెళ్లి కిందికి పోతుండె. పాపికొండలు చూద్దామని పోయేటోళ్లు తక్కువ, రాజమండ్రికి పనిమీద పోయేటోళ్లే ఎక్కువ. రేవు కాడికి పోతె లాంచీ ఉన్నది గని మనుషులు లేరు. లాంచీ నడిపేటాయన్ను ఆ దిక్కు సరంగు అంటరు. ముసలాయన, ఎండకు మాడిన పెయ్యి, మోకాళ్ల మీదికి లుంగీ కట్టుకొని తాడు పేనుకుంట కూసున్నడు.

ఎక్కిచ్చుకో పెద్దమనిషీ, కేసముద్రంకెళ్లి వచ్చినం, పాపికొండలు చూస్తం అన్న నేను.

ఆయ్, చూద్దురు గానీ, ఇవాళ కాదండి. నీళ్లు తేటపడ్డాక రండి అన్నడు. తాడు మీదికెళ్లి చూపు గూడ ఎత్తలే.

మా బావకు కోపం వచ్చింది. రెండింతలు కిరాయి ఇస్తం అన్నడు. సరంగు మాట్లాడలే. లేచి, మా అక్క చేతిల ఉన్న ఇత్తడి చెంబు అడిగి తీసుకున్నడు. మెట్లు దిగి చెంబు నిండ గోదారి నీళ్లు ముంచుకొచ్చి మా ముందట పెట్టిండు. కాసేపు కూర్చోండి, భోంచేయండి, దాన్ని మాత్రం కదపకండి అన్నడు. మేము సద్ది ఇప్పి తిన్నం. తిన్నంక ఆయనే వచ్చి చెంబుల నీళ్లు పైపైన మెల్లగ ఒంపిండు. అడుగున గోరు మందం ఎర్ర బురద పేరుకొని ఉన్నది. వేలుతోని గీరి మా బావకు చూపిచ్చిండు.

ఇది మా ఊరి మట్టి కాదండి. పైన ఎక్కడో గట్టు తెగింది, ఎక్కడో చేలు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లన్నీ కిందికొస్తున్నాయి. చెంబులో ఇలా మట్టి దిగినన్నాళ్లూ నేను ఆడోళ్లని, పిల్లల్ని ఎక్కించనండి. కొండల నడుమ మీరు చూడాలనుకున్న చోటే ఇప్పుడు నేను చూడకూడదనుకునే చోటు అన్నడు.

మేము మర్రినం. కొడుకా, నీకు వచ్చిన కోపం కంటె పది రెట్లు ఎక్కువ కోపం నాకు. సెలవు పాయె, పైసలు పాయె, ఊర్లె అందరికి చెప్పి వచ్చిన మాట పాయె. ఇంటికొచ్చి గడపల అడుగు పెట్టంగనె ఆ సరంగును తిట్టుడు మొదలు పెట్టిన. మా అవ్వ వాకిట్ల మక్కలు ఒలుస్తున్నది. అంత ఇని ఒక్కటే మాట అన్నది. మీ నాయిన గూడ వట్టివాగు మోకాలి మట్టమే గదా అని బండి దించిండు. బండి దక్కింది, నల్లెద్దు దక్కలే. మన వాగుకే అంతుంటె గోదారికి ఎంతుండాలె? ఆయన మిమ్ముల్ని తిప్పి పంపలే, ఇంటికి పంపిండు.

నా నోరు మూతబడ్డది. నల్లెద్దు కొట్టుకపోయిన నాడు నాకు ఏడేండ్లు. మా నాయిన ఒడ్డు మీద కూసొని తెగిన పగ్గం చేతుల పట్టుకొని ఏడ్సిండు. దాన్ని నేను మర్చిపోయిన. అవ్వ మర్చిపోలే.

కందగడ్డ ఉడికినట్టున్నది, పుల్లతోని గుచ్చి చూడు బిడ్డా. ఆ, మెత్తగయింది. తీసి పొట్టు ఒలువు, కాలుతది పైలం.

ఇగ 1985 పుష్యమాసం. సంక్రాంతి అయిపోయినంక నలుగురం మల్ల పోయినం. ఈసారి మా అవ్వ పసుపుతోని పాటు సకినాలు గంపెడు కట్టింది. గా సరంగాయనకు ఇయ్యుండ్రి అన్నది. చలి ఎముకలు కొరుకుతున్నది. కూనవరం రేవుకు పోయేసరికి నీళ్ల మీద మంచు పొగ లెక్క లేస్తున్నది. సరంగు మమ్ముల్ని చూసి గుర్తుపట్టిండు. చెంబు తెచ్చారా అండి అని నవ్విండు. నేనే దిగి ముంచుకొచ్చిన. నీళ్లల్ల చెంబు అడుగున ఉన్న సొట్ట సుత కనబడుతున్నది. ఆయన తల ఊపిండు. మీ నాయినమ్మ కొంగు ముడి ఇప్పి పసుపు కొమ్ములు గోదారిల ఏసి దండం పెట్టింది.

అప్పుడు ఒక సంగతి జరిగింది. ఒక సావుకారి చింతపండు గంపలు ఏసుకొని వచ్చిండు. అప్పటికే లాంచీ నిండింది. ఇంకొక నాలుగు గంపలే గదా అన్నడు. సరంగు లాంచీ పక్కకు వంగి చూసిండు. నీటి మట్టానికి పైన తెల్లరంగుతోని ఒక గీత కొట్టి ఉన్నది. నీళ్లు దానికి జానెడు కింద ఉన్నయి. ఆ గీత మునిగితే నేను దిగిపోతానండి, మీరే నడుపుకోండి అన్నడు. సావుకారి గంపలు ఒడ్డుననే దించిండు. నాకు ఒళ్లు జల్లుమన్నది. అన్నేండ్లు కాంటా పట్టిన. నా కాంటా తప్పైతె ఎవలకో రెండు కిలోల నష్టం. ఈయన కాంటా తప్పైతె పానాలే పోతయి. లాంచీ మొత్తం ఒక కాంటా అని, ఏరే దాని పళ్లెమని నాకు ఆనాడు ఎరుకైంది.

లాంచీ కదిలింది. శబరి నీళ్లు పచ్చగ, గోదారి నీళ్లు బూడిద తీరు. కలిసినంక గూడ జెర దూరం రెండు రంగులు పక్కపక్కనే నడుస్తయి, కొత్తగ కలిసిన వియ్యపురాండ్ల లెక్క. ముందట ఒక పిలగాడు పొడుగాటి వెదురు గడ పట్టుకొని నిలబడ్డడు. గడ మీద గుర్తులు గీసి ఉన్నయి. నీళ్లల్ల పొడిచి, తీసి, ఎంత లోతో కేకేసి చెప్తడు. సరంగు ఎనుక కూసొని చుక్కాని తిప్పుతడు. నీళ్లు తక్కువున్న కాలంల ఇసుక తిప్పలు బయటపడుతయి, అందుకని ఆ గడ. పోచవరం దాటినంక కొండలు దగ్గరకొచ్చినయి. కొంచెం దూరం పోయినంక ఆ పిలగాడు గడ తీసి పక్కకు పెట్టిండు. ఏందయ్యా అంటె, ఇంక అందదండి, అడుగు లేదిక్కడ అన్నడు.

పాపికొండలు మేము అప్పుడు చూసినం. ఎట్ల చెప్పాలె మీకు? భద్రాచలం కాడ ఒక్క ఒడ్డుకెళ్లి ఇంకొక ఒడ్డుకు కిలోమీటరుకు పైన పరుచుకున్న గోదారి, ఈడికి వచ్చేసరికి రెండు కొండల నడుమ ఒదిగి పోతది. తూర్పు కనుమలను చీల్చుకొని పోయే చోటన్నట్టు. ఆడిదాని నెత్తి మీద పాపిడి తీసినట్టుంటది కాబట్టి పాపిడి కొండలన్నరు, అదే పాపికొండలయింది అని సరంగు చెప్పిండు. కొండల మీద వెదురు, టేకు, ఏందో పేర్లు తెల్వని చెట్లు నీళ్ల దాంక దిగి ఉన్నయి. ఒక మలుపు తిరిగితె ముందట తొవ్వ మూసుకపోయినట్టే ఉంటది. దగ్గరికి పోయినంక కొండ పక్కకు జరిగి తొవ్వ ఇస్తది. లాంచీల అంతసేపు ముచ్చట పెట్టినోళ్లు గూడ ఆడ మాట్లాడలే. ఇంజన్ సప్పుడు కొండకు తాకి మల్ల మనకే వస్తున్నది. మీ నాయినమ్మ నా చెయ్యి పట్టుకున్నది. బుగులు కాదు, సంబురమూ కాదు, ఏమంటరో దాన్ని నాకు తెల్వదు.

అప్పుడు సరంగు నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. చూశారా అండి, ఎంత నెమ్మదిగా ఉందో. మొన్న భాద్రపదంలో ఇక్కడికొస్తే ఏమయ్యేదో చెప్తాను. అంత వెడల్పు నీళ్లు ఇంత సందులోకి వచ్చాయంటే ఏం చేస్తాయి? పక్కకు పోలేవు. లోతుకి దిగుతాయి, వేగం పట్టుకుంటాయి. మలుపు కాడ కొండకి గుద్దుకుని వెనక్కి తిరుగుతాయి. ముందుకొచ్చే నీళ్లూ వెనక్కి తిరిగే నీళ్లూ పెనవేసుకున్న చోట సుడి పుడుతుంది. పైకి చూస్తే పళ్లెం తిరిగినట్టుంటుంది, ఇంజను ఎంత గట్టిదైనా దాని ముందు బలాదూరు. తేట నీళ్లల్లో అదే చోట పిల్లలు ఈతలు కొడతారండి.

నడుమల పేరంటపల్లి కాడ లాంచీ ఆపిండు. బాలానంద స్వామి నిలబెట్టిన శ్రీరామకృష్ణ మునివాటం, శివుని గుడి ఉన్నది ఆడ. కొండ మీదికెళ్లి ఒక సన్నటి సెలయేరు గుడి పక్కపొంటి దుంకుతది. ఆ నీళ్లు తాగితె పంటి చిగుళ్లు జివ్వుమన్నయి. చుట్టూత ఊరు కొండరెడ్లది. వాళ్ల ఇండ్లకు గోడలు, దడులు, తలుపులు అన్ని వెదురుతోనే. ఒక ఇంటి ముందట ఒక ముసలామె వెదురు చీలుస్తున్నది. నేను శానసేపు చూస్తనే నిలబడ్డ. కాలి బొటనవేలు కింద బద్దను తొక్కిపట్టింది. కత్తి కదలదు, బద్దనే తన దిక్కు గుంజుతది. అట్ల గుంజినా కొద్ది పచ్చటి పొర ఒకటి, తెల్లటి పొర ఒకటి విడివడి, కాయితం కంటె పలుచగ, నా మొకం మీది ఎండ దాంట్లకెళ్లి కనబడేటట్టు వచ్చింది. ఒక్క పొర గూడ నడుమ తెగలే.

మీ నాయినమ్మ ఆమె పక్కన కూసొని నాలుగు సకినాలు ఇచ్చింది. ఒకటి కొరికి, చేతుల తిప్పి తిప్పి చూసి, ఇదీ అల్లినట్టే ఉందే అన్నది. ఎట్ల చుడుతరో మీ నాయినమ్మ నేల మీద వేలుతోని సుట్లు తిప్పి చూపిచ్చింది. ఆమె ఒక చిన్న బుట్ట తెచ్చి మీ నాయినమ్మ ఒళ్లె పెట్టింది. పైసలు ఇయ్యబోతె తీసుకోలే. ఇప్పుడు వంటింట్ల ఎల్లిపాయలు పోసే బుట్ట ఉన్నది సూడు, పొగకు నల్లగయింది, అదే అది.

లేవబోతుంటె ఆమె నన్ను అడిగింది. మీ ఊళ్లో ఏరు లేదా? వాగున్నది అన్న. మరి దాన్ని చూడ్డానికి పోరా? అన్నది. నాకు జవాబు దొరకలే. రోజు దాటే వాగును చూసుడేంది అనుకున్న. ఆ ప్రశ్న మాత్రం నా ఎంబడే ఇంటికొచ్చింది.

తర్వాత ఏడాదిన్నరకు, 1986 ఆగస్టుల గోదారి వచ్చింది. భద్రాచలం కాడ 75.6 అడుగులు. ఇప్పటిదాంక అంతకు మించి రాలే. 43 అడుగులు దాటితె మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది అంటరు. దాని మీద ఇంక ఇరవై రెండు అడుగులంటె మీరే లెక్క కట్టుకోండ్రి. 2022 జులైల మల్ల 71.3 అడుగులు వచ్చింది. 1986ల రేడియోల ఆ వార్త ఇన్న రాత్రి మీ నాయినమ్మకు, నాకు ఒక్కటే మాట, ఆ వెదురు ఇల్లు ఏమయిందో, ఆ సరంగు ఏడున్నడో అని. ఒక్కసారి పోయి చూసొచ్చిన చోటు అయినా మనదైపోతది కొడుకా. అది ఎరుకలేనప్పుడు వరదంటె అంకెలే. ఎరుకైనంక మనుషులు కనబడుతరు.

ఇగ 2019 సంగతి మీకు గూడ యాదికుంటది. సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం దిక్కు కచ్చులూరు కాడ బోటు మునిగింది. అదే కొండలు, అదే భాద్రపదం, గోదారి పొంగు మీదున్నది. బోటుల 77 మంది. మన కాజీపేట పక్కపొంటి కడిపికొండకెళ్లి ఒక్క ఊరోళ్లు 14 మంది ఉన్నరు, అండ్ల ఐదుగురే పానాలతోని వచ్చిండ్రు. టీవీల ఆ పేర్లు చదువుతుంటె మన మార్కెట్ల ఆనాడు కాంటాలు ఆగినయి. బోటు మునిగినప్పుడు ముందుగాల్ల ఉరికింది ఎవలు? ఒడ్డు మీది ఊర్ల గిరిజనులు. తమ పడవలేసుకొని పోయి 26 మందిని నీళ్లల్లకెళ్లి గుంజిండ్రు. బోటు రెండొందల అడుగులకు పైన లోతుల పడ్డదని చెప్పుకున్నరు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బలగం వచ్చి, ఐదు వారాలు దాటినంక, అక్టోబర్ 22న దాన్ని పైకి తీసింది. ఆ దినాలల్ల నేను రాత్రి నిద్ర పోలే. గోరు మందం బురద పేరిన ఆ ఇత్తడి చెంబే కండ్ల ముందట. ఆనాడు సరంగు మా రెండింతల కిరాయికి ఆశపడి ఉంటె, మీ నాయిన పుట్టేటోడు కాదు, మీరు ఈ మంట కాడ ఉండేటోళ్లు కాదు. మీకు ఫోన్ చేసి బోటు బందయిందని చెప్పినోళ్లు ఎవలో నాకు తెల్వదు గని, వాళ్లకు దండం పెడుత.

గోదారి దాంక ఎందుకు, 2024 ఆగస్టు ఆఖరు రాత్రి చూస్తిమి గదా. మొగులు పగిలినట్టు వాన. తెల్లారేసరికి ఇంటికన్నెకు మనూరికి నడుమ రైలు కట్ట కొట్టుకపోయింది. పట్టాల కింద కంకర లేదు, మట్టి లేదు, పట్టాలు ఉయ్యాల లెక్క గాలిల ఏలాడినయి. రైళ్లు ఎక్కడియక్కడ ఆగినయి. వందల మంది పట్టాలోళ్లు రాత్రి పగలు పనిచేస్తె గాని తొవ్వ పడలే. ఆనాడు నాకు పేరంటపల్లి ముసలామె మాట మల్ల యాదికొచ్చింది. మీ వాగును చూడబోరా అని. మనం చూడలే కొడుకా. చెరువు కట్ట ఎట్లున్నది, అలుగు తొవ్వకు ఏం అడ్డమున్నది, వాగు పాత దారి ఏది, ఎవలం చూడలే. నీళ్లు తమ దారి మర్చిపోవు. మనమే మర్చిపోతం.

ఇప్పుడు మీరు పోయేటాలకు ఆ లోయ నేను చూసిన తీరు ఉండదు. పోలవరం కాడ ఆనకట్టకు 1981లనే పునాది రాయి ఏసిండ్రు. మేము పోయిన్నాడు సరంగు చెప్పిండు, కడతారంటున్నారండి, మా కాలంలో కాదులే అని. ఆయన కాలంల కాలే, మీ కాలంల అయితున్నది. నూటయాబై అడుగుల మట్టం దాంక నీళ్లు నిలుపుతరట. ఇప్పటికే దేవీపట్నం దిక్కు ఊర్లు ఖాళీ అయి కాలనీలకు పోయినయి. తెలంగాణ వచ్చిన ఏడు కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు, ఇంక నాలుగు మండలాలు కలిపి ఏడు ఆంధ్రల కలిసినయి. పొలాలకు నీళ్లు గావాలె, వద్దని నేనెట్లంట? కాంటా పట్టినోన్ని, రైతు మొకం చూసి బతికినోన్ని. కని ఒక దిక్కు పళ్లెంల పచ్చటి పొలాలు పెట్టినప్పుడు, ఇంకొక దిక్కు పళ్లెంల ఆ వెదురు ఇండ్లను పెట్టి తూచాలె. వాళ్లకు ఇయ్యాల్సింది సక్కగ తూచి ఇయ్యాలె. అరకిలో గూడ తక్కువ కావద్దు.

అందుకే పోండ్రి అంటున్న. ఇది పుష్యమాసం, నీళ్లు తేటగుండే కాలం. బోటు ఎక్కంగనె ఆ బొంత లెక్క రంగు చొక్కా ఇస్తరు గదా, దాన్ని కట్టుకోండ్రి, దిగెదాంక ఇప్పకుండ్రి. ఉక్కపోస్తున్నదని, ఫొటోల మంచిగ పడదని తీసెయ్యకుండ్రి. అందరు ఒక్క దిక్కుకే ఉరికి నిలబడకుండ్రి, కాంటా వంగుతది. పేరంటపల్లిల దిగితె ఇండ్లల్లకు తొంగి చూసి ఫొటోలు గుంజకుండ్రి, అది సూడబోయే బొమ్మ కాదు, వాళ్ల వాకిలి. బుట్ట కొంటె బేరం చెయ్యకుండ్రి. ప్లాస్టిక్ సీసలు, కవర్లు మల్ల మీ సంచులనే ఏసుకొని రాండ్రి.

బిడ్డా, నాయినమ్మనడిగి సకినాలు గట్టుకో. పసుపు కొమ్ములు నేనిస్త, మన మార్కెట్ల పసుపే. కొడుకా, నువ్వు ఇంకొక పని చెయ్యాలె. గూట్ల ఆ ఇత్తడి చెంబు ఉన్నది, మా అక్క పోయేటప్పుడు నాకిచ్చి పోయింది. దాన్ని తీసుకపో. బోటెక్కె ముందు నిండ ముంచి ఒడ్డు మీద పెట్టు. కాసేపు ఆగు. అడుగున ఏం దిగిందో చూసి నాకు ఫోన్ చెయ్యి. సొట్ట కనబడ్డదా లేదా, గదొక్కటి చెప్పు. ఎంత రాత్రయినా, ఎంత పొద్దయినా, నేను ఫోన్ పక్కకే ఉంట.